జెతిన్యా నది: పుట్టుక నుంచి సంగమం దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

సెర్బియా పశ్చిమ కొండల్లో పారే జెతిన్యా నది ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాఠకుల నుంచి అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. నది ఎక్కడ పుడుతుంది, టెస్లాకు దానితో సంబంధమేమిటి, షర్గాన్ రైలు దాని ఒడ్డునే నడుస్తుందా అనేవి వాటిలో ముఖ్యమైనవి. నది పారే వరుసలోనే ప్రశ్నలను అమర్చాం. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది గనుక ఎక్కడి నుంచైనా చదవవచ్చు.

## మొదటి పరిచయం

జెతిన్యా ఎక్కడుంది? దాని నీళ్ళు చివరికి ఏ సముద్రానికి చేరతాయి?

జెతిన్యా సెర్బియా పశ్చిమ భాగంలోని జ్లాతిబోర్ జిల్లాలో, తారా పర్వతం దక్షిణ వాలుల నుంచి పొజెగా పట్టణం దాకా ప్రధానంగా తూర్పు దిశగా పారే 75 కి.మీ. నది. పొజెగా దగ్గర గోలీస్కా మొరావిత్సాతో కలిసినప్పుడు పశ్చిమ మొరావా ఏర్పడుతుంది. ఆ నది స్తాలాచ్ వద్ద దక్షిణ మొరావాతో కలిసి మహా మొరావాగా మారి, సుమారు 185 కి.మీ. ఉత్తరానికి పారి, స్మెదెరెవో సమీపంలో డాన్యూబ్‌లో పడుతుంది. డాన్యూబ్ నల్ల సముద్రంలో కలుస్తుంది కాబట్టి జెతిన్యా నీటి గమ్యం కూడా నల్ల సముద్రమే.

75 కి.మీ. నది గురించి ఇంత చెప్పుకోవలసింది ఏముంది?

పొడవును బట్టి చూస్తే నిజంగానే ఏమీ లేదు. అయితే ఈ నది తన దారిలో మెత్తటి సరస్సు మట్టి, గట్టి సున్నపురాయి, వెడల్పైన ఒండ్రు మైదానం అనే మూడు రకాల నేలలను వరసగా దాటుతుంది. మధ్యలో వచ్చే సున్నపురాయి గండి దగ్గరే కోట, నగరం, విద్యుత్ కేంద్రం, రైలుమార్గం, ఆనకట్ట అన్నీ గుమిగూడాయి. ఒక చిన్న నది స్వరూపం మనుషుల నిర్ణయాలను ఎంతగా నడిపిస్తుందో అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా అనువైన ఉదాహరణ ఆ ప్రాంతంలో మరొకటి లేదని మా అభిప్రాయం.

పేరు ఎలా పలకాలి? కొన్ని పటాల్లో 'డెటింజా' అని రాస్తున్నారు.

జెతిన్యా అని పలకాలి. సెర్బియన్‌ను లాటిన్ లిపిలో రాసినప్పుడు మొదట వచ్చే అడ్డగీత ఉన్న 'డి' అక్షరం 'జ' ధ్వనిని సూచిస్తుంది. ఆ అడ్డగీతను వదిలేసిన పటాల వల్లే 'డెటింజా' అనే రూపం వ్యాపించింది. అదే విధంగా నగరం పేరు ఉజిత్సే, ఆనకట్ట పేరు వ్రుత్సి.

ఈ నదిలో పడవలు తిరుగుతాయా?

తిరగవు. వాలు ఎక్కువ, లోతు తక్కువ, అడుగున బండలు ఎక్కువ. ఈ నది మీద రవాణా అన్నది ఎప్పుడూ ఒడ్డు వెంబడి సాగిన బాటలదీ, ఆ తరువాత రైలుదీ.

నీరు ఏ నెలల్లో ఎక్కువగా ఉంటుంది?

మార్చి నుంచి మే, జూన్ దాకా ఎక్కువగా ఉంటుంది. ముందు తారా, జ్లాతిబోర్ కొండల మీది మంచు కరిగి వస్తుంది, ఆ వెంటనే వసంతకాలపు వానలు అందుకుంటాయి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ప్రవాహం బాగా సన్నబడుతుంది. నైరుతి రుతుపవనాల మీద ఆధారపడిన నదులకు అలవాటుపడిన మనకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. మన నదులు నిండే ఆగస్టులోనే అక్కడి నది బండలు తేలి ఉంటుంది.

## పైభాగం: తారా వాలుల నుంచి క్రెమ్నా దాకా

నది సరిగ్గా ఎక్కడ పుడుతుంది? ఒక్కో పటం ఒక్కో చోట చూపిస్తోంది.

ఒకే ఊట నుంచి పుట్టే నది కాకపోవడం వల్ల ఈ తేడా వస్తోంది. తారా పర్వతపు దక్షిణ వాలుల నుంచి దిగే అనేక చిన్న వాగులు క్రెమ్నా పల్లానికి చేరతాయి. వాటిలో ముఖ్యమైనవి బ్రతెషినా, కొన్యస్కా రేకా. ఈ రెండూ క్రెమ్నాలో కలిసిన చోటు నుంచి నదికి జెతిన్యా అనే పేరు వాడతారు. పేరు మొదలయ్యే చోటును పుట్టుకగా తీసుకునేవారు క్రెమ్నాను చూపిస్తారు, పై వాగు చివరి ఊటను పుట్టుకగా తీసుకునేవారు తారా మీద గుర్తు పెడతారు. రెండు పద్ధతులూ భూగోళశాస్త్రంలో ఉన్నవే, కాకపోతే ఏ పద్ధతి వాడారో పటంలో చెప్పరు.

క్రెమ్నా పల్లం అంత చదునుగా ఎందుకుంది? చుట్టూ కొండలే కదా.

ఒకప్పుడు అది సరస్సు. లక్షల సంవత్సరాల కిందటి మయోసీన్ యుగంలో ఆ పల్లంలో నిలిచిన నీటి అడుగున పొరలు పొరలుగా మట్టి, సున్నం పేరుకున్నాయి. చుట్టూ ఉన్న కొండల్లో మెగ్నీషియం అధికంగా ఉండే సర్పెంటినైట్ వంటి శిలలు ఉండడం వల్ల ఆ పొరల్లో మాగ్నసైట్ ఖనిజం కూడా ఏర్పడింది. అందువల్ల ఇక్కడ నదికి కోయవలసినంత గట్టి రాయి ఎదురుకాదు. పచ్చిక బయళ్ళ మధ్య తాపీగా పారుతుంది. క్రెమ్నాలో జెతిన్యాను మాత్రమే చూసినవారికి దిగువన ఆ నదే నిట్టనిలువు గోడల మధ్య పారుతుందంటే నమ్మబుద్ధి కాదు.

క్రెమ్నా అంటే జోస్యాలు చెప్పినవారి ఊరేనా?

అవును. 19వ శతాబ్దంలో ఈ ఊరిలో జీవించిన మిలోష్, మితార్ తరాబిచ్ అనే రైతుల పేరిట ప్రచారంలో ఉన్న జోస్యాల వల్ల సెర్బియాలో క్రెమ్నా పేరు తెలియనివారు తక్కువ. ఆ జోస్యాల నిజానిజాలు నదికి సంబంధించినవి కావు గనుక ఇక్కడ చర్చించడం లేదు.

షర్గాన్ కనుమకు అవతల కురిసిన వాన ఎటు పోతుంది?

క్రెమ్నాకు పశ్చిమాన ఉన్న షర్గాన్ కనుమ ఒక జలవిభాజకం. కనుమకు తూర్పున కురిసిన వాన జెతిన్యా, మొరావాల మీదుగా పోతుంది. పడమట మోక్రా గోరా వైపు కురిసిన వాన తెల్ల ర్జావ్‌లోకి, అక్కడి నుంచి బోస్నియాలోని విషెగ్రాద్ దగ్గర ద్రీనాలోకి, ఆపై సావాలోకి చేరి, బెల్‌గ్రేడ్ నగరం దగ్గర డాన్యూబ్‌లో పడుతుంది. మొరావా డాన్యూబ్‌లో కలిసేది బెల్‌గ్రేడ్‌కు దిగువన, స్మెదెరెవో సమీపంలో. అంటే షర్గాన్ శిఖరం మీద పక్కపక్కనే పడిన రెండు చినుకుల్లో ఒకటి బోస్నియా సరిహద్దు చుట్టి, మరొకటి మధ్య సెర్బియాను అడ్డంగా దాటి, చివరకు స్మెదెరెవోకు ఆవల ఒకే నదిలో కలుసుకుంటాయి. పటం ముందు పెట్టుకుని వేలితో ఈ రెండు దారులనూ గీసి చూస్తే పశ్చిమ సెర్బియా నైసర్గిక స్వరూపం సగం అర్థమైపోతుంది.

ప్రసిద్ధమైన షర్గాన్ ఎనిమిది రైలు జెతిన్యా ఒడ్డునే నడుస్తుందా?

నడవదు. పర్యాటకుల కోసం నేడు నడుపుతున్న షర్గాన్ ఎనిమిది రైలు చాలావరకు మోక్రా గోరా వైపు వాలులో ఉంది, ఆ వాలు ద్రీనా పరీవాహక ప్రాంతానికి చెందుతుంది. గందరగోళానికి కారణం లేకపోలేదు. 760 మి.మీ. వెడల్పు పట్టాలతో 1925లో పూర్తయిన అసలు మార్గం ఉజిత్సే నుంచి జెతిన్యా గండి గుండా క్రెమ్నాకు ఎక్కి, షర్గాన్ కింద సొరంగం దాటి, ఎనిమిది అంకె ఆకారంలో మెలికలు తిరుగుతూ మోక్రా గోరాకు దిగి, సారయెవో వైపు సాగేది. 1974లో ఆ మార్గాన్ని మూసివేశారు. తరువాతి కాలంలో పునరుద్ధరించింది ప్రధానంగా కనుమ అవతలి భాగాన్నే. జెతిన్యా గండి భాగంలో పట్టాలు లేవు, సొరంగాలు మాత్రం మిగిలాయి.

ర్జావ్ నది జెతిన్యాలో కలుస్తుందా?

కలవదు. ఆ పేరుతో ఆ ప్రాంతంలో రెండు వేర్వేరు వ్యవస్థలు ఉన్నాయి. తెల్ల ర్జావ్, నల్ల ర్జావ్ కలిసి ఏర్పడే ర్జావ్ పడమటికి పారి ద్రీనాలో పడుతుంది. మహా ర్జావ్ తూర్పుకు పారి అరిల్యే పట్టణం దగ్గర గోలీస్కా మొరావిత్సాలో కలుస్తుంది. జెతిన్యా ఈ రెంటికీ మధ్యన, ఏ ఒక్కదానితోనూ నేరుగా కలవకుండా పారుతుంది.

## వ్రుత్సి జలాశయం, సున్నపురాయి గండి

వ్రుత్సి ఆనకట్ట ఎందుకు కట్టారు?

ప్రధానంగా ఉజిత్సే నగరానికి తాగునీటి కోసం, దానితోపాటు వరదల అదుపు కోసం కట్టారు. క్రెమ్నా పల్లం దాటిన తరువాత బియోస్కా గ్రామం దిగువన లోయ హఠాత్తుగా ఇరుకవుతుంది. రెండు వైపులా గట్టి రాయి, మధ్యలో తక్కువ వెడల్పు ఉన్న అటువంటి చోటు విల్లు ఆకారపు కాంక్రీటు ఆనకట్టకు సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అటువంటి ఆనకట్ట నీటి ఒత్తిడిని తన బరువుతో కాక ఇరుపక్కల కొండలకు నెట్టడం ద్వారా మోస్తుంది. 1980ల మధ్యలో జలాశయం నిండింది.

2013లో ఉజిత్సే నీళ్ళు తాగవద్దని ఎందుకు నిషేధించారు?

2013 డిసెంబరు చివరలో వ్రుత్సి జలాశయంలో ప్లాంక్టోథ్రిక్స్ రుబెసెన్స్ అనే సయనోబ్యాక్టీరియా (నాచులా కనిపించే సూక్ష్మజీవి) విపరీతంగా పెరిగినట్లు తేలడంతో సుమారు 70 వేల మంది వాడుకునే కుళాయి నీటిని తాగడానికి, వంటకు వాడవద్దని అధికారులు ఆదేశించారు. ఈ జీవి కాలేయానికి హాని చేసే మైక్రోసిస్టిన్ల వంటి విషాలను ఉత్పత్తి చేయగలదు. వాటిని మరిగించి పోగొట్టలేం. కలుషిత నీటిని కాచి తాగమనే మనకు తెలిసిన సలహా ఇక్కడ పనికిరాదన్నమాట. నగరానికి ట్యాంకర్లతో నీరు పంచుతూ, 2014 ఆరంభంలో సుషిత్సా లోయలోని ఊటల వంటి ప్రత్యామ్నాయ వనరులను నగర సరఫరాకు కలిపి సమస్యను గట్టెక్కించారు.

చలికాలంలో, అంత చల్లటి నీటిలో సూక్ష్మజీవులు ఎలా పెరిగాయి?

చెరువుల్లో నాచు ఎండాకాలంలో కనిపిస్తుంది కనుక ఈ సందేహం సహజం. ప్లాంక్టోథ్రిక్స్ రుబెసెన్స్ తీరు వేరు. అది మసక వెలుతురులో, చల్లటి నీటిలో బతకగలదు. వేసవిలో లోతైన జలాశయపు నీరు పైన వెచ్చగా, అడుగున చల్లగా పొరలుగా విడిపోయినప్పుడు ఈ జీవి పైకి రాకుండా ఆ రెండు పొరల మధ్య, మీటర్ల లోతున దాగి పెరుగుతుంది. శరదృతువు ముగిశాక పై నీరు చల్లబడి పొరలు కలిసిపోయినప్పుడు జలాశయమంతా వ్యాపించి, నీటి ఉపరితలాన్ని ఎర్రగా మారుస్తుంది. ఆ ఎరుపు దానిలోని ఫైకోఎరిథ్రిన్ అనే వర్ణద్రవ్యానిది. పరీవాహక ప్రాంతం నుంచి కొట్టుకొచ్చే నత్రజని, భాస్వరం దీనికి ఆహారం. కాబట్టి జలాశయం రోగాన్ని జలాశయంలోనే కుదర్చలేం, ఎగువ పల్లెల మురుగు, ఎరువుల సంగతి చూడాలి.

గండి ఎలా ఏర్పడింది?

వ్రుత్సికీ ఉజిత్సేకూ మధ్యన నది కోట్ల ఏళ్ళ కిందటి ట్రయాసిక్ కాలపు సున్నపురాయిని కోసుకుంటూ పారుతుంది. సున్నపురాయి గట్టిదే, కానీ కొద్దిపాటి ఆమ్లగుణం ఉన్న నీటిలో కరుగుతుంది. నది అడుగును రాళ్ళతో ఒరుసుకుంటూ లోతుకు దిగిపోతుంటే, పక్కల మీద పడిన వాన నేల మీద పారకుండా పగుళ్ళ గుండా లోపలికి ఇంకిపోతుంది. పక్కలను కోసే వాగులు తక్కువ కావడంతో గోడలు ఏటవాలుగా అరగక నిటారుగానే నిలుస్తాయి. ఎగువ పల్లంలో సరస్సు మట్టి మీద వెడల్పుగా పారిన నదే ఇక్కడ ఇరుకుగా, లోతుగా మారడానికి రాయి మారడమే కారణం.

సుషిత్సా అనే ఉపనది ఎండాకాలంలో మాయమవుతుందంటారు, నిజమేనా?

నిజమే. జ్లాతిబోర్ వైపు నుంచి వచ్చి గండిలో కుడి గట్టున జెతిన్యాను చేరే సుషిత్సా సున్నపురాయి నేల మీదుగా వస్తుంది. నీరు తగ్గిన కాలంలో ప్రవాహం నేలలోని పగుళ్ళలోకి దిగిపోయి, పైన పొడి రాళ్ళే మిగులుతాయి. ఆ నీరు ఎక్కడికీ పోదు, నేల కింద దారులు వెతుక్కుని వేరే చోట ఊటలుగా పైకి వస్తుంది. అటువంటి ఊటలే నగరానికి అత్యవసరంలో నీరిచ్చాయి.

## ఉజిత్సే నగరంలో

అంత ఇరుకు లోయలో నగరం ఎందుకు కట్టుకున్నారు?

ముందు వచ్చింది నగరం కాదు, దారి. అద్రియాటిక్ తీరం, బోస్నియా వైపు నుంచి మొరావా లోయకు వచ్చే బాటలు గండి దాటి కొద్దిగా విశాలమయ్యే చోట కలిసేవి. ఆ చోటును కాపలా కాసే కోట వెలిసింది, కోట కింద సంత, సంత చుట్టూ ఊరు. సముద్ర మట్టానికి సుమారు 411 మీటర్ల ఎత్తున ఉన్న ఉజిత్సే నేటికీ నది వెంబడి పొడవుగా సాగి, పక్కలకు చోటు లేక కొండవాలులెక్కి ఉంటుంది. 1970లలో నగరం నడిబొడ్డున లేపిన ఎత్తైన భవనాలను విమర్శించేవారు ఈ నేల కొరతను కూడా గుర్తుపెట్టుకోవాలి.

నది పైన కనిపించే పాడుబడిన కోట ఎవరిది? ఎవరు కూల్చారు?

మధ్యయుగాల నాటి కోట అది. జెతిన్యా మెలిక తిరిగి మూడు వైపులా చుట్టిన కొండకొమ్ము మీద కట్టారు. నది అక్కడ కందకం పని చేసింది. ముట్టడి సమయంలో నీటికి కటకటపడకుండా కొండ మీది నుంచి నది అంచు దాకా దిగే నీటి బురుజు ఉండేది. ఒట్టోమన్ల చేతిలో ఉన్న ఈ కోటను 1862లో జరిగిన కాన్‌లిజా ఒప్పందం ప్రకారం వారి దండు ఖాళీ చేయవలసి వచ్చింది. మరుసటి సంవత్సరం, 1863లో, కోటను పడగొట్టారు. కాబట్టి నేడు కనిపించే శిథిలాలు కాలం చేతిలో నలిగినవి మాత్రమే కావు, రాజకీయ ఒప్పందం మేరకు కావాలని కూల్చినవి.

కోట కింద ఉన్న విద్యుత్ కేంద్రాన్ని నికోలా టెస్లా కట్టాడా?

టెస్లా కట్టలేదు. ఆయన 1892లో బెల్‌గ్రేడ్‌కు వచ్చి వెళ్ళాడు, ఉజిత్సే కేంద్రం పని నాటికి అమెరికాలోనే ఉన్నాడు. ఈ కేంద్రం టెస్లా రూపొందించిన బహుదశా ఏకాంతర విద్యుత్ (దిశ మారుతూ ప్రవహించే ఏసీ కరెంటు) సూత్రాల మీద పని చేసింది. దీనికి చోదకశక్తి భౌతికశాస్త్ర ఆచార్యుడు జోర్జె స్తనోయెవిచ్. సెర్బియాకు బొగ్గు మీద ఆధారపడవలసిన పని లేదు, కొండనదుల నీటి నుంచే విద్యుత్తు తీయవచ్చునని ఆయన పట్టుబట్టి వాదించాడు. 1899లో రాజు అలెగ్జాండర్ ఒబ్రెనోవిచ్ శంకుస్థాపన చేశాడు, 1900 ఆగస్టు 2న కేంద్రం పని మొదలుపెట్టింది.

రైలు ఉజిత్సేకు 1912లో గాని రాలేదు. అంటే టర్బైన్లు, జనరేటర్లు, తీగ చుట్టలు అన్నీ కొండదారుల్లో బండ్ల మీదే రావలసి వచ్చింది. ఆ తరువాత స్తనోయెవిచ్ దక్షిణాన లెస్కోవాత్స్ దగ్గరి వూచ్యేలో 1903లో మరో జలవిద్యుత్ కేంద్రం నిలబెట్టాడు. ఉజిత్సేలోని చిన్న భవనం నేడు ప్రదర్శనశాలగా ఉంది, పాత యంత్రాలను అక్కడ చూడవచ్చు.

పెద్ద నగరాలుండగా తొలి ప్రయత్నం ఉజిత్సేలోనే ఎందుకు జరిగింది?

నది, అవసరం, పెట్టుబడి మూడూ ఒకే చోట ఉన్నాయి. గండి నుంచి బయటపడే చోట నదికి తగినంత వాలు, కట్ట కట్టడానికి గట్టి రాయి ఉన్నాయి. ఊరిలో వాటాదారులతో ఏర్పడిన నేత కర్మాగారానికి మగ్గాలు నడపడానికి శక్తి కావాలి. పగలు మగ్గాలకు వాడిన విద్యుత్తునే చీకటి పడ్డాక వీధి దీపాలకు ఇవ్వవచ్చు. వాడుక చోటు కేంద్రానికి కూతవేటు దూరంలో ఉండడంతో పొడవైన తీగల ఖర్చు తప్పింది. విద్యుత్తు వెలుగు కోసమే అనుకున్న రోజుల్లో మగ్గం ముందు, దీపం వెనుక అనే ఈ లెక్కే పథకాన్ని నిలబెట్టింది.

ఇది నయాగరా తరువాత ప్రపంచంలో రెండవదని చదివాం. సరైనదేనా?

సరైనది కాదు. నయాగరా కేంద్రం 1895 ఆగస్టులో పని మొదలుపెట్టిన కొద్ది రోజులకే, అదే నెల 28న, నేటి క్రొయేషియాలో షిబెనిక్ సమీపాన క్ర్కా నది మీద ఏకాంతర విద్యుత్ కేంద్రం ఒకటి నడవడం మొదలైంది. కాలిఫోర్నియాలోని రెడ్‌లాండ్స్‌లో 1893లోనే మూడు దశల కేంద్రం ఉంది. జెతిన్యా కేంద్రం నయాగరాకు కేవలం ఐదేళ్ళ తరువాతది అనడం సరైన మాట. సెర్బియా వరకు ఈ తరహాలో మొదటిది అనడమూ సరైనదే. ప్రపంచ వరసలో అంకె వేయకపోయినా ఆ చిన్న కేంద్రం గొప్పతనానికి లోటేమీ రాదు.

నగరం మధ్యలో నదిలో ఈత కొడతారన్నది నిజమా?

నిజమే. కోటకు సమీపంలో నదికి అడ్డుకట్ట వేసి నీటిని నిలిపిన నగర స్నానఘట్టం ఒకటి ఉంది. వేసవిలో ఊరి పిల్లలంతా అక్కడే ఉంటారు. గండి నీడ నుంచి అప్పుడే బయటపడిన నీరు కావడంతో జులై మధ్యాహ్నం కూడా బాగా చల్లగా ఉంటుంది.

పాత పటాల్లో 'తీతోవో ఉజిత్సే' అని ఉంది. అది వేరే ఊరా?

అదే ఊరు. 1941 సెప్టెంబరు నుంచి నవంబరు చివర దాకా టీటో నాయకత్వంలో జర్మన్ ఆక్రమణను ఎదిరించిన పార్టిజాన్లనే గెరిల్లాలు ఇక్కడ ఒక విముక్త ప్రాంతాన్ని నిర్వహించారు. ఆ జ్ఞాపకార్థం యుద్ధానంతరం టీటో పేరు చేర్చారు, 1992లో తొలగించారు.

## దిగువ భాగం: సెవొయ్నో నుంచి పొజెగా దాకా

నగరం దాటాక నది ఎలా మారుతుంది?

లోయ విచ్చుకుంటుంది, వాలు తగ్గుతుంది, ఒండ్రు నేలల మీద నది మెలికలు తిరగడం మొదలుపెడుతుంది. మొదట వచ్చేది సెవొయ్నో. రెండో ప్రపంచ యుద్ధం తరువాత వెలిసిన రాగి, అల్యూమినియం రేకుల కర్మాగారాలున్న పారిశ్రామిక పట్టణం అది. నగర మురుగు, పరిశ్రమల వ్యర్థాల భారం ఈ భాగం మీదే పడుతుంది. నది నాణ్యత గురించి మాట్లాడేవారు గండిలో తీసిన ఫొటో చూపించి మొత్తం నది అలాగే ఉందనడం, లేదా సెవొయ్నో దిగువన చూసి మొత్తం పాడైందనడం రెండూ పొరపాట్లే.

పొత్పెచే గుహ ఈ నదికి సంబంధించినదేనా?

సంబంధించినదే. ఉజిత్సేకు ఆగ్నేయంగా, సుమారు 14 కి.మీ. దూరంలో ఉన్న ఈ గుహ ముఖద్వారం గుర్రపు నాడా ఆకారంలో, 50 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఎగువన ద్రెజ్నిక్ ప్రాంతంలో నేలలోకి ఇంకిపోయిన నీరు కొండ కడుపులోంచి దారి చేసుకుని ఇక్కడ పెత్నిత్సా వాగుగా బయటికొస్తుంది. ఆ వాగు కొద్ది దూరం పారి కుడి వైపు నుంచి జెతిన్యాలో కలుస్తుంది. గుహ కింది చల్లని నీటిలో ట్రౌట్ చేపలను పెంచుతారు. వానలు బాగా కురిసిన రోజుల్లో వాగు ఉరకలెత్తుతుంది, ద్వారం కింద నిలబడితే పక్క మనిషి మాట వినబడదు.

జ్లాకుసా కుండలు నది ఒండ్రుమట్టితో చేస్తారా?

నది ఒడ్డు మట్టిని నేరుగా వాడరు. జ్లాకుసా అనే గ్రామం ఉజిత్సే, పొజెగాల మధ్య జెతిన్యా లోయలో ఉన్నా, కుమ్మరులు వాడే బంకమన్ను పొజెగా వైపున్న వ్రాన్యని గ్రామం నుంచి, దానిలో కలిపే కాల్సైట్ రాయి రుపెల్యెవో నుంచి వస్తాయి. కాల్సైట్‌ను పొడి చేసి మట్టితో కలిపి పిసికి, చేత్తో తిప్పే చక్రం మీద మట్టి తాళ్ళను ఒకదానిపై ఒకటి పేర్చుతూ కుండను లేపుతారు. ఆరిన కుండలను ఆరుబయట మంటలో కాలుస్తారు. ఆ కాల్సైట్ పొడి వల్లే కుండ నేరుగా నిప్పు మీద పెట్టినా పగలదు. పెళ్ళిళ్ళలో క్యాబేజీ, మాంసం కలిపి గంటల తరబడి సన్నమంట మీద వండడానికి ఈ కుండలనే వాడతారు. ఈ పనితనాన్ని 2020లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

పొజెగా దగ్గర ఎన్ని నదులు కలుస్తాయి?

మూడు. ముందుగా కొసెరిచ్ వైపు నుంచి దిగివచ్చే స్క్రాపెజ్ ఎడమ గట్టున జెతిన్యాలో కలుస్తుంది. ఆ తరువాత దక్షిణం నుంచి వచ్చే గోలీస్కా మొరావిత్సా, జెతిన్యా కలిసి పశ్చిమ మొరావా అవుతాయి. మూడు దిక్కుల నీరు ఒకే పల్లానికి చేరడం వల్ల పొజెగా చుట్టూ సారవంతమైన నేల ఏర్పడింది. గట్టి వానలు ఒకేసారి మూడు పరీవాహక ప్రాంతాల మీద పడితే అదే పల్లానికి వరద భయం కూడా.

జెతిన్యా సంగమంతో ముగుస్తుందా? పశ్చిమ మొరావాకు ఉపనది అనవచ్చా?

ఉపనది అనకూడదు. తుంగ, భద్ర కలిసి తుంగభద్ర అయినట్లే, జెతిన్యా, మొరావిత్సా కలిసి పశ్చిమ మొరావా అవుతాయి. రెండూ మూలపాయలే. వాటిలో సుమారు 98 కి.మీ. పొడవున్న మొరావిత్సాయే పెద్దది. అందువల్ల పశ్చిమ మొరావా మొత్తం పొడవును లెక్కించేటప్పుడు మొరావిత్సాను కలిపి కొలుస్తారు, జెతిన్యాను పొట్టి పాయగా పరిగణిస్తారు. వేర్వేరు పుస్తకాల్లో పశ్చిమ మొరావా పొడవు వేర్వేరుగా కనిపిస్తే, ఒకరు సంగమం నుంచి, ఒకరు మొరావిత్సా ఊట నుంచి కొలిచారని అర్థం.

మొరావిత్సా సొకోబాన్యా దగ్గర ఉందని చదివాం. అది ఇదేనా?

అది వేరే నది. సొకోబాన్యా మొరావిత్సా తూర్పు సెర్బియాలో పుట్టి దక్షిణ మొరావాలో కలుస్తుంది. జెతిన్యాతో కలిసేది గోలియా పర్వతం నుంచి ఇవాన్యిత్సా, అరిల్యే పట్టణాల మీదుగా వచ్చే గోలీస్కా మొరావిత్సా.

## వెళ్ళి చూడాలనుకునేవారికి

బెల్‌గ్రేడ్ నుంచి రైలులో వెళితే నది కనిపిస్తుందా?

కనిపిస్తుంది. 1976లో పూర్తయిన బెల్‌గ్రేడ్–బార్ రైలుమార్గం వాల్యెవో, కొసెరిచ్‌ల మీదుగా స్క్రాపెజ్ లోయలో పొజెగాకు దిగి, అక్కడి నుంచి జెతిన్యా లోయలో ఎదురు దిశగా ఉజిత్సేకు ఎక్కుతుంది. పొజెగా, ఉజిత్సేల మధ్య నది పక్కపక్కనే వస్తుంది. ఉజిత్సే దాటాక రైలు సొరంగాల్లోకి చొరబడి జ్లాతిబోర్ వైపు మళ్ళుతుంది. నేరో గేజి రైళ్ళ మీద ఆసక్తి ఉన్నవారు పొజెగా స్టేషన్ వద్ద ఉన్న నేరో గేజి ప్రదర్శనశాలను వదులుకోకూడదు.

భారతీయ పాస్‌పోర్టుతో వీసా లేకుండా వెళ్ళవచ్చా?

2022 చివరి దాకా 30 రోజులకు వీసా అవసరం ఉండేది కాదు. 2023 జనవరి 1 నుంచి ఆ సౌలభ్యం రద్దయింది. పాత ప్రయాణ కథనాలను నమ్మి టికెట్లు కొనవద్దు, బయలుదేరే ముందు సెర్బియా రాయబార కార్యాలయం ప్రకటించిన తాజా నిబంధనలను చూసుకోవాలి.

గండి గుండా నడిచి వెళ్ళే దారి ఉందా? పిల్లలతో వెళ్ళవచ్చా?

ఉంది. నగర స్నానఘట్టం దగ్గర మొదలయ్యే బాట, పట్టాలు తీసేసిన పాత నేరో గేజి మార్గం మీదుగానే ఎగువన స్తాపరి వైపు సాగుతుంది. రైలు కోసం చెక్కిన దారి కాబట్టి ఎక్కుడు చాలా తక్కువ, పిల్లలతో నడవడానికి ఇబ్బంది ఉండదు. దారిలో వరుసగా సొరంగాలు వస్తాయి. కొన్ని వంపు తిరిగి ఉండడం వల్ల మధ్యకు చేరాక రెండు వైపుల వెలుగూ కనిపించదు, కనుక చేతి దీపం తప్పనిసరి. పాత నీటి ఊటల వల్ల సొరంగపు నేల తడిగా ఉంటుంది, అరగని మడమలున్న బూట్లు వేసుకోవడం మంచిది. గట్టి వాన కురిసిన మరుసటి రోజు గోడల మీది నుంచి రాళ్ళు జారవచ్చు గనుక ఆ రోజు నడకను వాయిదా వేసి, ప్రదర్శనశాలనో పొత్పెచే గుహనో చూడటం ఉత్తమం.

నది మొత్తాన్ని ఒక్క రోజులో చూడవచ్చా?

సొంత వాహనం ఉంటే సాధ్యమే. ఉదయం క్రెమ్నాలో మొదలుపెట్టి, వ్రుత్సి జలాశయాన్ని చూసి, మధ్యాహ్నానికి ఉజిత్సే చేరి, కోట, విద్యుత్ కేంద్రం చూసుకుని, సాయంత్రానికి జ్లాకుసా మీదుగా పొజెగాకు దిగవచ్చు. బస్సుల మీద ఆధారపడేవారికి రెండు రోజులు కావాలి. ఒక్క పూట మాత్రమే ఉన్నవారు క్రెమ్నానూ పొజెగానూ వదిలేసి ఆ పూటంతా గండికే కేటాయించాలని మా సలహా.